సైనికులు కూడ చింపలే ఆ అంగీని

యేసును సిలువేసినంక సైనికులు ఆయన బట్టలు పంచుకున్న కాడ, యోహాను 19:23 చదివినప్పుడల్లా నాకు మా తాత యాదికొస్తడు. "ఆ అంగీ కుట్టులేక పైనుండి యావత్తు నేయబడినది" అని ఉంటది కదా, చానమంది ఆ మాట దాటేసి సక్కగ చీట్లు వేసిన కాడికి, ఆ సంగతి ముందే చెప్పిన 22వ కీర్తన నెరవేరిన కాడికి పోతరు. నేను మాత్రం "కుట్టులేక" కాడనే ఆగిపోత. తాత వరంగల్ కొత్తవాడల జంపఖానాలు నేసేటోడు (మన జంపఖానాకు 2018ల, ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, అప్పటికి తాత లేడు). కుట్టిన బట్టైతే కుట్టు విప్పి మళ్ల కుట్టుకోవచ్చు బిడ్డా, నేసిన దాని నడుమల కత్తెర పెడితే ఆడికే ఆగదు, పడుగు పేక రెండూ ఊడొస్తనే ఉంటయ్ అనేటోడు.

ఇగ సైనికులను చూడుండ్రి. మేకులు కొట్టిన చేతులే అవి. మిగతా బట్టలు నాలుగు భాగాలు చేసుకున్నరు గాని ఈ అంగీ కాడికి వచ్చేసరికి దీన్ని చింపొద్దు అనుకున్నరు. భక్తితోని కాదు, చింపితే ఎందుకూ పనికిరాదని కావచ్చు, అయినా ఆ మాత్రం తెలివి ఉంది వాళ్లకు. గ్రీకుల ఆ "చింపు" అనే మాట నుంచే పౌలు కొరింథు సంఘానికి "మీలో కక్షలు లేక" అని రాసినప్పుడు వాడిన మాట వచ్చింది, యోహాను 21ల 153 పెద్ద చేపలు పడ్డా "వల పిగలలేదు" అన్న కాడ కూడ అదే క్రియ. 3వ శతాబ్దంలనే కార్తేజీ బిషప్ సిప్రియన్ ఈ అంగీనే చూపించి సంఘాన్ని చీల్చొద్దని రాసిండు. అంటే ఈ రోగం మనతోని మొదలైంది కాదు.

కానీ మనం ముదరబెట్టినం. మా గల్లీల మూడు మందిరాలు, డిసెంబర్ వచ్చిందంటే మూడు సెమీ క్రిస్మస్‌లు, మూడు మైకులు ఒకదాని మీదికెళ్లి ఒకటి, ఆఖరికి ఏ వాక్యమూ వినపడదు. ఒకేడు అందరం కలిసి యునైటెడ్ క్రిస్మస్ చేద్దామని కూసున్నరు, ఫ్లెక్సీల ఎవరి ఫొటో పెద్దగుండాలె అన్న కాడనే మూడు మీటింగులు అయిపోయినయ్. కొన్ని ఊర్లల్ల అయితే సిద్ధాంతం పేరు పైకి చెప్తరు, లోపల చీల్చింది కులమే, అందరికీ తెలుసు, ఎవ్వరూ నోరు తెరవరు.

డోర్నకల్ మనకెంత దూరం, కాజీపేటల రైలెక్కితే పోతం. ఆ డోర్నకల్ బిషప్ అజరయ్య గారు, ఆంగ్లికన్లల్ల (ఇంగ్లండు చర్చి వాళ్లల్ల) మొదటి భారతీయ బిషప్, 1919ల తమిళనాడు తరంగంబాడిల సంఘాల ఐక్యత కోసం కూసున్నోళ్లల్ల ఒకరు. క్రైస్తవ దేశాలల్ల చీలికలు బలహీనత కావచ్చు గాని మన దేశం లాంటి క్రైస్తవేతర దేశాలల్ల అవి పాపం అని 1927ల స్విట్జర్లాండ్ లోసాన్‌ల జరిగిన సంఘాల సభల మొహమాటం లేకుంట చెప్పిండు. అప్పట్నుంచి ఎన్ని కమిటీలో ఎన్ని ఉత్తరాలో, చివరికి 1947 సెప్టెంబర్ 27న మద్రాసుల కొన్ని సంఘాలు కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పుట్టింది, అజరయ్య గారు 1945 జనవరి 1నే కన్నుమూసిండు. చూడకుండనే పోయిండు. ఆయన పడ్డ కష్టంల మనం పడ్డదెంత? ఎఫెసీ 4:3ల ఆత్మ కలిగించు ఐక్యమును "కాపాడుకొనుటయందు" శ్రద్ధ అన్నడు పౌలు, తయారుచేసుడు అనలే. పైనుండి నేసి ఇచ్చిండ్రు మనకు, కత్తెర పక్కన పెట్టుడే మన పని, అది కూడ చేతనైతలేదు.

మా పెద్దమ్మ ప్రభువు దగ్గరికి పోయిన రోజు చెప్త. చిన్నప్పుడు ఒక సంఘంల బాప్తిస్మం, పెండ్లైనంక ఇంకో సంఘం, నడువరాని రోజులల్ల పక్కింట్ల ప్రార్థన కూటం. ఫ్రీజర్ పెట్టె వాకిట్ల ఉంది, ఒక పాస్టర్ గారేమో ఆమె పేరు మా రిజిస్టర్ల లేదన్నడు, ఇంకొకాయనేమో మా దగ్గర బాప్తిస్మం తీసుకోలే గదా అన్నడు. పొద్దున తొమ్మిదింటి నుంచి మా అన్న ఫోన్ పట్టుకొని బజార్ల ఆ కొసకు ఈ కొసకు తిరుగుడే. నేను లోపలికి పోయి తాత నేసిన జంపఖానా తెచ్చి వాకిట్ల పరిచిన, ఎర్రది, నీలి అంచుది. ఆడోళ్లు కూసున్నరు. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) అత్త, హెబ్రోను సంఘం అక్క, బాప్టిస్ట్ వదిన, మోకాలికి మోకాలు ఆనిచ్చి. ఎవరో పాత కీర్తన అందుకున్నరు, అందరికీ అన్ని చరణాలు నోటికొచ్చు. పన్నెండైనా పాస్టర్లు రాలే. మా ఆర్‌సీఎం అత్తనే లేచి యేసు లాజరును లేపిన యోహాను 11 చదివింది, లేపుండ్రి అన్నది, లేపినం.

జంపఖానా ఇప్పుడు నా దగ్గరే ఉంది. జనవరి 18 నుంచి 25 దాక ఐక్యత కోసం ప్రార్థన వారం, రోజూ రాత్రి ఏడింటికి మా వాకిట్ల పరుస్త. మైకు పెట్టం. ఏ మందిరపోళ్లైనా రండి, చాయ్ ఉంటది, చెప్పులు మాత్రం గేటు కాడ ఇడువుండ్రి, కొత్తగ ఉతికిచ్చిన దాన్ని.