నల్లబల్ల మీద తేదీల గీత

పర్లాకిమిడిలో మన తొమ్మిదో తరగతి గది తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది నల్లబల్ల మీద మాస్టారు అడ్డంగా గీసిన సుద్దగీతే. దాని కింద మూడు తేదీలు: 9-12-1946 రాజ్యాంగ సభ తొలి సమావేశం, 26-11-1949 ఆమోదం, 26-1-1950 అమలు. రాజ్యాంగం మీద మాస్టారు పెట్టే వాదప్రతివాదాల్లో ఎవరు ఏ మాట అన్నా, అది ఆ గీత మీద ఎక్కడ పడుతుందో సుద్దతో చుక్క పెట్టి చూపించాల్సిందే.

నలభై నిమిషాల పీరియడ్. పక్షానికి ముగ్గురు, మనిషికి నాలుగు నిమిషాలు. మూడో నిమిషంలో బల్ల మీద ఒక దెబ్బ, నాలుగో నిమిషంలో రెండు. తర్వాత అయిదు నిమిషాలు సంప్రదింపులు, నాయకులకు మూడేసి నిమిషాలు జవాబు, మిగిలిన అయిదూ మార్కులకు. పక్షాలకు వారం ముందే చీటీలు తీసేవారు. నచ్చని పక్షం వచ్చినా చదవక తప్పేది కాదు.

అన్నిటిలోకీ గట్టి అంశం ఇది: 'భాషా అల్పసంఖ్యాకులకు 1950 నాటి రాజ్యాంగం చాలినంత రక్షణ ఇచ్చింది.' 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సాలోకి వెళ్లిన ఊరు మనది. ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో ఒడియా. అందుకే చర్చ రాజ్యాంగం వదిలేసి తెలుగు-ఒడియా తగువులోకి జారిపోయేది. దాన్ని ఆపింది ఆ గీతే.

అనుకూల పక్షం 29, 30 అధికరణాలు చదివేది: భాషను, లిపిని కాపాడుకునే హక్కు, సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు. అంతవరకు బాగానే ఉండేది. ఆ ఊపులో ఎవరో ఒకరు, మాతృభాషలో ప్రాథమిక బోధన గురించి చెప్పే 350ఎ కూడా చదివేసేవారు. చుక్క పెట్టమంటే చెయ్యి ఆగిపోయేది. అది 1956లో ఏడో సవరణతో చేరింది. గీత 1950తోనే ముగిసిపోయింది. నిజానికి ఆ అధికరణం ప్రతిపక్షానికే ఆయుధం: రక్షణ చాలి ఉంటే ఆరేళ్లకే ఇది ఎందుకు కావలసి వచ్చింది?

బాగా చదివిన ప్రతిపక్షం ఇంకా వెనక్కి, 1948 డిసెంబరుకు వెళ్లేది. రాజ్యాంగ ముసాయిదా 23వ అధికరణం మీద చర్చలో రాజ్యాంగ సభ సభ్యుడు జెడ్.హెచ్. లారీ, ప్రత్యేక భాష, లిపి ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక విద్య ఆ భాషలోనే అందాలని సవరణ తెచ్చారు. సభ దాన్ని తోసిపుచ్చింది. బడి పెట్టుకునే హక్కు వేరు, ప్రభుత్వం బడి పెట్టాలనడం వేరు. ఈ తేడా పట్టుకున్న వక్తకే ఎక్కువ మార్కులు పడేవి, నా దృష్టిలో న్యాయంగానే.

చివరి జవాబులో అనుకూల పక్షానికి ఒక్క దారి మిగిలేది. 350ఎ కూడా రాష్ట్రాలు మాతృభాషా బోధనకు 'ప్రయత్నించాలి' అనే అంటుంది. కాబట్టి 1956లో కొత్తగా చేరింది హక్కు కాదు అని వాదించడం. రెండు దెబ్బలు పడ్డాక కూడా ఆ ఒక్క మాట మీదే వరండాలో వాదన సాగేది.