ఆయిలా, గ్రీజా?

"అయితే వరద మీద నెట్టకు మరి."

మా షిఫ్ట్ సూపర్‌వైజర్ అన్న మాట ఇది. అనేసి, నా ఫోన్ నా చేతిలో పెట్టి, టీ కప్పు కడుక్కోవడానికి సింకు దగ్గరికి వెళ్లిపోయాడు. కోపంగా కూడా అనలేదు. అందుకే కాబోలు, ఇన్నాళ్లైనా గుచ్చుకుంటూనే ఉంది.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి మీకు తెలిసిందే. మా అమ్మ ఆ నీళ్ల మధ్యే ఉంది, పై వాటా వాళ్లింట్లో. నేనేమో ఇక్కడ కోవెంట్రీలో, కార్ల విడిభాగాలు చేసే ఒక ప్లాంటులో, బ్రాకెట్ల కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగంలో. లైన్ మీద ఫోన్ వాడకూడదు. ఆ వారమంతా సూపర్‌వైజర్ నా ఫోన్ తన టేబుల్ మీద పెట్టుకుని, అమ్మ నుంచి కాల్ వస్తే తనే నడుచుకుంటూ వచ్చి పిలిచేవాడు. ఇది ముందే చెప్పాలి. లేకపోతే ఆయన్ని మనుషుల కంటే కార్లే ఎక్కువ అనుకునే రకం అనుకుంటారు. ఒక రోజంతా నేనూ అలాగే అనుకున్నాను.

నీళ్లు తీశాక ఎదురింటి కుర్రాడు ఫోటోలు పంపాడు. గోడ మీద ఛాతీ ఎత్తున బురద గీత, వెల్లకిలా పడిన ఫ్రిజ్, ఉబ్బి పగిలిన బియ్యం బస్తా. బ్రేక్‌లో సూపర్‌వైజర్‌కి ఒక్కొక్కటీ చూపిస్తున్నాను. ఒక ఫోటో దగ్గర పెద్దాయన ఆపి, రెండు వేళ్లతో పెద్దది చేశాడు. నీళ్లు ఎంత లోతు వచ్చాయో చూస్తున్నాడనుకున్నాను. తలుపులు లెక్కపెడుతున్నాడు.

రేకుల షెడ్డులో మా నాన్న కారు. స్టాండర్డ్ హెరాల్డ్.

"ఇది హెరాల్డే. కానీ హెరాల్డ్‌కి నాలుగు తలుపులేంటి?"

ట్రయంఫ్ హెరాల్డ్ పుట్టింది ఈ ఊళ్లోనే, కాన్లీ ఫ్యాక్టరీలో, 1959లో. గీసింది మిచెలొట్టి అనే ఇటలీ ఆయన. 1971 దాకా ఐదు లక్షలకు పైగా చేశారు, అన్నిటికీ పక్క తలుపులు రెండే. 1980లో ఆ ఫ్యాక్టరీలో కార్ల తయారీయే ఆగిపోయింది. మద్రాసువాళ్లు దీన్నే 1961 నుంచి స్టాండర్డ్ పేరుతో చేసి, ఆ దశాబ్దం చివర్లో నాలుగు తలుపులు పెట్టారు. ముందు సీటు మడిచి, పట్టుచీర ఎత్తిపట్టుకుని, వంగి వెనక్కి దూరమంటే మన ఆడవాళ్లు ఊరుకుంటారా? ముప్ఫయ్యేళ్లుగా హెరాల్డ్‌లతో కాపురం చేస్తున్న పెద్దాయన ఇలాంటిది ఎప్పుడూ చూడలేదట.

"ప్రపంచంలో ఇంకెక్కడా చెయ్యని బండి. పాపం, వరదలో పోయిందన్నమాట" అన్నాడు.

అక్కడ ఊ అంటే అయిపోయేది. అలవాటు లేని నిజాయితీ ఏదో ముంచుకొచ్చి, వరదకి ముందే ఇరవై ఏళ్ల నుంచి కదల్లేదని, ఫ్లోరు అప్పటికే జల్లెడైందని చెప్పేశాను. అప్పుడన్నాడు ఆ మాట.

షిఫ్ట్ అయ్యేదాకా లోపల్లోపల వాదించుకుంటూనే ఉన్నాను. వీళ్లకేం, చెబుతారు. నలభై ఏళ్లు దాటిన బండికి ఇక్కడ రోడ్డు టాక్సు లేదు, ఏటేటా బండి ఫిట్‌నెస్ చూసే ఎంవోటీ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. ప్రతి ఇంటికీ ఓ గ్యారేజీ, ప్రతి బండికీ ఓ క్లబ్బు. మాకు వంద గజాల స్థలంలో ఇల్లు, మెట్లు, బోరు, తులసికోట పోగా మిగిలిన చోట షెడ్డు. అయినా మేం వస్తువులు పారేసే జాతా? గ్రైండర్ రాయి అరిగితే కక్కు కొట్టించుకుంటాం, చెప్పు తెగితే కుట్టించుకుంటాం. బెజవాడ ఆటోనగర్‌కి రమ్మను ఈయన్ని. గుద్దుకుని సగమైపోయిన లారీ ఒక వైపు నుంచి వెళ్తే, ఇంకో వైపు నుంచి కొత్త బాడీతో, వెనక "హారన్ ప్లీజ్"తో బయటికొస్తుంది. తుప్పు గురించి మాకు చెబుతాడా!

ఇంత వాదించాక కూడా ఒకటి మిగిలింది. మా ఇంటి నుంచి ఆటోనగర్ అరగంట దూరం.

నాన్నకి సత్యనారాయణపురంలో డ్రైవింగ్ స్కూల్ ఉండేది. స్కూలంటే ఒక బోర్డు, ఒక బల్ల, ఈ హెరాల్డ్. చాలా చిన్న చోటులో తిరిగేది, వన్‌టౌన్ సందుల్లో కూడా రివర్స్ లేకుండా మళ్లించేవాడు. బానెట్ మొత్తం ముందుకి తెరుచుకునేది. చక్రాలు, ఇంజన్, అన్నీ బయటపడేవి. దాంతో నేర్చుకునేవాళ్లకి పాఠం సగం అక్కడే అయిపోయేది. మారుతీలు ఎక్కువయ్యాక వచ్చినవాళ్లంతా ముందు అడిగేది ఒకటే, "మారుతీ మీద నేర్పుతారా అండీ?" అని. నాన్న మొహమాటానికి కూడా అవునని అనలేకపోయేవాడు. స్కూలు మూసేశాడు. తర్వాత రెండేళ్లకి ఆయనే లేకుండా పోయాడు. (డ్రైవింగ్ స్కూల్ వాడి కొడుకుని, ఇక్కడి టెస్టులో రెండుసార్లు తప్పాను. ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ తెలియదు.)

తర్వాతి శనివారం పెద్దాయన వాళ్లింటికి రమ్మన్నాడు. కొట్లాటకి వెళ్లినట్టే వెళ్లాను. ఆయన హెరాల్డ్ ఒక పొలంలో కోళ్ల షెడ్డుగా ఉండగా దొరికిందట. పదకొండేళ్లుగా బాగుచేస్తున్నాడు, ఇంకా రోడ్డెక్కలేదు. మన దగ్గర ఇల్లు మొదలుపెట్టి పదకొండేళ్లయినా శ్లాబు వెయ్యని మనిషిని ఏమంటామో మీకు తెలుసు. ఆయనకి ఆ తొందరే లేదు. ఈ బండికి ఛాసిస్ వేరు, బాడీ వేరు, బోల్టులతో బిగించినవి. దాంతో బాడీ ఊడదీసి గోడకి ఆనించాడు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఛాసిస్ పక్క చేతులు పచ్చి అప్పడంలా అయిపోతే, కోసేసి కొత్తవి వెల్డింగ్ చేశాడు. బల్ల మీద క్యాటలాగు. ప్రతి రబ్బరుకీ ఓ నంబరు, ఆ నంబరు చెబితే పోస్టులో ఇంటికొస్తుంది. నాకు నిజంగా ఈర్ష్య వేసింది ఆ క్యాటలాగు చూసే. మనకి క్యాటలాగు లేదు; అరిగిపోయిన ముక్క పట్టుకెళ్లి లేత్ మిషన్ ముందు నిలబడితే, ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి "సాయంత్రం రా" అంటాడు. ఏది గొప్పో అప్పుడు తేల్చుకోలేకపోయాను, ఇప్పుడూ లేదు.

కింద కూర్చుని, ముందు చక్రం వెనక గుప్పెడంత లోహపు ముక్క చూపించాడు. ట్రనియన్ అంటారట. దాని మరల్లోనే నిలువు కడ్డీ కింది కొస తిరుగుతుంది, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా బరువంతా దాని మీదే. "మీవాళ్లు దీనికి ఆయిల్ పెట్టేవాళ్లా, గ్రీజా?" అని అడిగాడు. పరీక్షే అది, గొంతులో తెలుస్తోంది. నాకేం తెలుసు? మా నాన్న బండి చూసిన ఆటోనగర్ మేస్త్రీ గారికి అక్కడే నిలబడి ఫోన్ చేశాను. మనకి అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. ట్రనియన్ అంటే ఆయనకి అర్థం కాలేదు. "చక్రం వెనకాల ఇత్తడి ముక్క మేస్త్రీ గారూ" అన్నాను.

"అదా! గేర్ ఆయిలే బాబూ. గ్రీజు కొట్టావో, లోపల ఎండిపోయి మరలు పట్టేస్తాయి. ఓ రోజు నడిరోడ్డు మీద చక్రం విరిగి పక్కకి పడుకుంటుంది. మీ నాన్నగారు నెలనెలా నా ముందే ఆయిల్ పెట్టించుకునేవారు. ఎవరికి కావాలి?"

"ఇక్కడ మా సూపర్‌వైజర్‌కి."

"దొరకి ఆ మాత్రం తెలీదా?"

ఇంగ్లీషులో చెప్పాను, చివరి వాక్యంతో సహా. పెద్దాయన ఆ గ్యారేజీలో నేల మీద కూర్చుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

నవ్వాక మళ్లీ అడిగాడు, ఈసారి మెల్లగా. "ఇంత తెలిసిన మనిషి ఊళ్లోనే ఉంటే, ఎందుకలా వదిలేశారు?"

డబ్బు అని చెప్పబోయాను. అది కొంతవరకే నిజం. కొంటామని ఇంటికి ముగ్గురు వచ్చారు. ఇద్దరు తుక్కుకి అడిగారు, వాళ్ల సంగతి వదిలేయండి. కానీ ఒకాయన పాత కార్లు సేకరించేవాడు, హైదరాబాద్ నుంచి పనిగట్టుకుని వచ్చాడు, బాగుచేసుకుంటానన్నాడు. అమ్మ ఆయనకి కూడా కాఫీ ఇచ్చి పంపేసింది. అమ్మితే మీ నాన్నని అమ్మినట్టే అంటుంది. పోనీ బాగుచేయిద్దామంటే, ఎక్కేవాళ్లెవరురా, ఆ డబ్బు చెల్లి పెళ్లికి ఉంచు అంటుంది. చెల్లికి పెళ్లయి తొమ్మిదేళ్లు. అమ్మకూడదు, ఖర్చుపెట్టకూడదు. అంత ప్రేమ కింద ఏ వస్తువైనా తుప్పే పడుతుంది. పైగా ప్రతి దసరాకీ బానెట్‌కి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ పెడుతుంది. కదిలే బండైతే తొక్కుతుంది. ఇది కదలదుగా. ఏ ఏటి నిమ్మకాయ ఆ ఏడు అక్కడే ఎండి, నల్లబడి, గోళీలా గట్టిపడేది. సెలవుకి వెళ్లినప్పుడు షెడ్డు ఊడుస్తుంటే చీపురు కింద దొర్లేవి.

ఇక్కడ అలా కాదు. ఒళ్లు బాగాలేక అమ్ముతున్నాను, బాగా చూసుకునేవాళ్లకే ఇస్తాను అని ప్రకటన వేస్తారు. ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి వేరేవాళ్ల నాన్న కారు పట్టుకెళ్లి పదకొండేళ్లు దాని కింద పడుకుంటాడు. అది నాకు ఇప్పటికీ కొంచెం వింతగానే ఉంది. కొంచెం కడుపుమంటగానూ ఉంది.

ఆ రాత్రి లెక్కలు వేశాను. 2021లో వచ్చిన రూలు ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు ఇరవై వేలు, పదేళ్లకి పనికొస్తుంది, నంబర్ ప్లేటు మీద వీఏ అని వస్తుంది. మా బండి 1970ది. ఆర్‌సీ పుస్తకం బీరువా కింది అరలో ఉండి తడిసింది. అమ్మ ఒక్కో కాగితం విడదీసి ఫ్యాన్ కింద ఆరబెట్టి, ఇస్త్రీ పెట్టె వేడి చేసి మీద తిప్పిందట. తన పెళ్లి ఫోటోలకి కూడా అంత చెయ్యలేదు. అది విన్నాకే అడిగే ధైర్యం వచ్చింది. మేస్త్రీ గారు ఊరికే చూసి వెళ్తారమ్మా, బేరం ఏమీ లేదు అన్నాను. వెనక ఎర్రగా ఉన్న ఎల్ బోర్డు మీద చెయ్యి వెయ్యనివ్వను అంది. సరే అన్నాను.

నిన్న బ్రేక్‌లో ఫోన్ చేశాను. పెద్దాయన ఎదురుగా కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా నా మొహం చూస్తున్నాడు.

"మేస్త్రీ గారు వచ్చారా?"

"పొద్దున్నే వచ్చాడు. కాఫీ ఇచ్చాను."

నాకు నీరసం వచ్చేసింది. "కాఫీ ఇచ్చి పంపేశావా అమ్మా?"

"పంపెయ్యడమేంట్రా, కాఫీ చల్లారిపోయింది కూడా. ఇంకా బండి కిందే ఉన్నాడు."