పంటు ఆగిన రోజు

తెల్లవారుజామున 4:40కి దిండు కింద ఫోను గుయ్‌మంది. వీడియో కాల్. తెర మీద మొహం లేదు, ఒక అరచెయ్యి ఉంది. తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. నొప్పులు మొదలయ్యాయనడానికి మేం పెట్టుకున్న గుర్తు అది. ఫోను పట్టుకున్నది భర్త, చెయ్యి ఆమెది. ఇద్దరికీ వినపడదు. నేను డౌలాని, కాన్పప్పుడు పక్కన తోడుండే మనిషిని.

వాళ్లుండేది నర్సాపురంలో. నేను సఖినేటిపల్లిలో. మధ్యలో వశిష్ఠ, గోదారి పాయ. మామూలప్పుడు పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కితే పదిహేను నిమిషాల పని. కానీ నిన్న సాయంత్రమే ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులు దాటాయి, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. పంటు రేవులో కట్టేసి ఉంది. ఉన్న దారి ఒక్కటే: రాజోలు వెళ్లి, దిండి దగ్గర చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా చుట్టి రావాలి. ఆ వేళకి బస్సులు కూడా లేవు.

మా డౌలాల గ్రూపులో మెసేజ్ పెట్టాను. నిమిషంలో పాలకొల్లు చెల్లి జవాబు: "బండి తీస్తున్నా అక్కా. నువ్వు పుస్తకం ఫొటోలు పంపు."

ఆమెకి చూపించడానికి నేను బొమ్మలతో తయారుచేసుకున్న పుస్తకం అది. పంపాను. పంపుతుంటే మనసులో ఏముందో ఇక్కడైనా నిజం రాసుకోవాలి. కుళ్లుకున్నాను. మూడు నెలల పాటు, పదిహేను రోజులకోసారి వెళ్లి కూర్చున్నది నేను. ఆమె చేతులు ఏం చెబుతున్నాయో తెలుసుకోవడానికి తప్పుల మీద తప్పులు చేసి ఇద్దరితో నవ్వించుకున్నది నేను. ఒకసారి "భయం వద్దు" అనబోయి ఏం చేశానో ఏమో, ఆయన వెళ్లి మజ్జిగ తెచ్చిచ్చాడు. అంత కష్టపడ్డాక, అసలు రోజున ఒక్కసారి చూసొచ్చిన చెల్లి వెళ్తుందా?

వెళ్తుంది. మేం పెట్టుకున్న ఏర్పాటే అది. నలుగురం ఉన్నాం. ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊళ్లల్లో తిరిగే సర్కారు నర్సుగా చేసి రిటైరైన పెద్దక్క, ఫిజియోథెరపీ చదివిన అమలాపురం అమ్మాయి, ఒకప్పుడు కుట్టుమిషన్ మీద బతికిన పాలకొల్లు చెల్లి, నేను. ప్రతి గర్భిణికీ ఇద్దరం: ముందు మనిషి ఒకరు, ఆమె రాలేకపోతే వెళ్లే వెనక మనిషి ఒకరు. ఇద్దరినీ ఆమె కాన్పుకి ముందే చూసి ఉండాలి. పన్నెండు గంటలు దాటితే మనిషి మారాలి. అలిసిపోయిన మనిషి పక్కన ఉన్నా లేనట్టే. వచ్చిన డబ్బు ఒకే డబ్బాలో పడుతుంది, ఇవ్వలేని వాళ్లకి ఆ డబ్బాలోంచే బస్సు చార్జీలు.

మేం డౌలాలం అంటే ఈ చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదు. "నర్సులా? ఆయాలా?" అంటారు. ముసలమ్మలైతే "మంత్రసానులేగా" అని తేల్చేస్తారు. కాదు. లోపల చెయ్యి పెట్టి చూడం, సూది వెయ్యం, బిడ్డను పట్టం. నొప్పి వచ్చినప్పుడు నడుము మీద పిడికిలి పెట్టి నొక్కుతాం, నడిపిస్తాం, నీళ్లు తాగిస్తాం, డాక్టరు గబగబా చెప్పి వెళ్లిపోయింది మళ్లీ నిదానంగా చెబుతాం. ముఖ్యంగా లేచిపోకుండా కూర్చుంటాం. డౌలా అనేది గ్రీకు మాట, ఆడ దాసి అని అర్థం. డానా రాఫెల్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1973లో తన పుస్తకంలో బాలింతకి తోడుండే మనిషి అనే అర్థంలో దీన్ని వాడింది, తర్వాత కాన్పులో తోడుండేవాళ్లకీ అదే పేరు వచ్చింది. ఇది చెప్పినప్పుడు పెద్దక్క "అంత చదువుకున్నావిడకి దాసీ అన్న పేరే దొరికిందా" అని మూతి తిప్పుకుంది. ఆ తర్వాత తనే "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని పాత సామెత చెప్పి నవ్వింది.

ఏదొచ్చినా కాదు గానీ, ఎవరొచ్చినా అన్నది మాత్రం మా నియమం. పుస్తకంలో మొదటి పేజీలో మేం అడిగేది "మీ ఆయన ఏం చేస్తాడు" అని కాదు, "నీ పక్కన ఎవరుండాలి" అని. అదొక్కటి మార్చినందుకే చాలామంది నోరు విప్పారు. పెళ్లి కాకుండా కడుపొచ్చిన పిల్ల, కులం కాని వాణ్ని చేసుకుందని పుట్టిల్లు తలుపేసిన పిల్ల, ఎచ్‌ఐవి ఉందని వదిన కూడా ముట్టుకోని మనిషి. ఒకసారి నిండు గర్భంతో వచ్చిన వ్యక్తి "నన్ను అమ్మా అనకండి, నేను మగవాణ్ని" అన్నాడు. పెద్దక్క రెండు క్షణాలు ఆగి, "సరే బాబూ, కాళ్లు వాచాయా చూపించు" అంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నేర్చుకున్నది అదేనేమో, ముందు కాళ్లు చూడాలి.

ఎనిమిదింటికి ఆశా కార్యకర్తతో కలిసి గోదారి మధ్యనున్న లంక ఊళ్లోకి వెళ్లాల్సి వచ్చింది. వరద పెరిగితే పడవ కూడా కష్టమని, నెలలు నిండిన వాళ్లను ముందే ఆస్పత్రికి చేరుస్తున్నారు. ఒక పిల్లకి తొమ్మిదో నెల, భర్త కువైట్‌లో. అత్తగారు కదలనంటుంది. రేపు శ్రావణ శుక్రవారం, వ్రతం అయ్యాక చూద్దామంటుంది. ఆశాకి ఒళ్లు మండుతోంది. "గోదారి మీ వ్రతం అయ్యేదాకా ఆగుద్దాండీ?" అంది. ఆవిడ కూడా తగ్గలేదు. చివరికి నేను పిల్లనే అడిగాను, నీ పక్కన ఎవరుండాలి అని. "అత్తయ్యే" అంది తల దించుకుని. ఆ మాటకి పెద్దావిడ మెత్తబడిపోయింది. లోపలికెళ్లి కలశం చెంబు, పసుపు కుంకాలు సంచిలో పెట్టుకుని వచ్చి, లైఫ్ జాకెట్ మీదే సంచి తగిలించుకుని పడవెక్కింది. ఎర్రనీళ్ల మీద ఆ నారింజ జాకెట్‌ని చూస్తూ మేం గట్టున నిలబడ్డాం.

మధ్యలో ఫోను చూస్తూనే ఉన్నాను. "ఏడింటికి చేర్చాం." "బాగా నడుస్తోంది." తర్వాత గంటన్నర ఏమీ లేదు. 10:50కి ఒక్క ముక్క: "ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు."

కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. పంతులు రాసిచ్చిన ముహూర్తానికి కోయించుకునే ఇళ్లు కూడా నాకు తెలుసు. అందుకే ఆ మాట వినగానే ముందు కోపం వస్తుంది, అసలు కారణం తర్వాత అడుగుతాను. అది నా జబ్బు. నేను ఉండుంటే ఇంకాసేపు ఆపేదాన్నేమో అనుకున్నాను. రాజోలు బస్సులో ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని, దారి పొడుగునా అదే అనుకున్నాను. చించినాడ వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద వశిష్ఠ గట్టు నుంచి గట్టుకి ఎర్రగా ఉంది. నా వెనక సీట్లో ఇద్దరు పులస చేప ధర గురించి తగువాడుకుంటున్నారు.

ఆస్పత్రి మెట్ల మీద చెల్లి కూర్చుని ఇడ్లీ తింటోంది, మూడున్నరకి. పొద్దుటి నుంచి అదే మొదటి ముద్ద. అప్పుడు చెప్పింది.

కాన్పు గదిలో అందరూ మాస్కులు కట్టుకుని ఉన్నారు. పెదాలు కనపడవు. నర్సు "ఊపిరి తీసుకో అమ్మా" అని అరుస్తోంది, ఆ అరుపు ఎవరికి? చెల్లి నా పుస్తకంలో బొమ్మలు చూపిస్తూ, భుజం మీద చెయ్యేసి తన ఊపిరితో లయ ఇచ్చింది. బిడ్డ గుండె చప్పుడు మిషన్ గోడ వైపు తిప్పి ఉంది. మిగతావాళ్లకి చప్పుడు వినిపిస్తుంది, ఆమెకి అంకె కనపడాలి కదా. దాన్ని ఆమె వైపు తిప్పమని అడిగింది, తిప్పారు. అక్కణ్ణుంచి నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె కళ్లు ఆ అంకె మీదే. 140. 138. 142. మామూలుగా 110కీ 160కీ మధ్య ఉండాలని నేనే ఒకరోజు కాగితం మీద రాసి చూపించాను. పదిన్నర దాటాక 90కి పడింది. కాసేపటికి లేచింది, మళ్లీ పడింది, ఈసారి లేవలేదు. డాక్టరు రాకముందే ఆమె చెల్లి మణికట్టు పట్టుకుని తలుపు వైపు చూపించింది.

నేను ఉంటే ఆపేదాన్నని బస్సంతా అనుకున్నానే, ఆ ఆలోచనకి సిగ్గేసింది.

థియేటర్‌లోకి చెల్లిని రానివ్వలేదు. తలుపు దగ్గర అర నిమిషం దొరికింది. లోపల అన్నీ మాస్కులే, మధ్యలో తెర. బిడ్డ పుట్టిందీ లేనిదీ, ఏడ్చిందీ లేనిదీ ఆమెకి తెలిసేదెలా? చెల్లి నర్సుని బతిమాలింది: "బిడ్డ బయటికొచ్చి ఏడవగానే ఈమె భుజం మీద రెండుసార్లు తట్టండి మేడమ్, చాలు." ఇది నా పుస్తకంలో లేదు. నాకు మూడు నెలల్లో తట్టలేదు. ఆపరేషన్ అవుతుందేమో అన్న పేజీ ఒకటి ఉండాలని నేను అనుకోనే లేదు, నార్మలే కావాలని మొండికేసి కూర్చున్నాను గనక.

"తట్టిందా?" అన్నాను.

"ఏమో అక్కా. బయటికొచ్చాక ఆ నర్సు డ్యూటీ దిగి వెళ్లిపోయింది. నాకు అడగడం కుదర్లేదు."

ఆరింటికి చూడనిచ్చారు. ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందలు. భర్త పాపని ఎత్తుకోవడానికి భయపడి, ఒక వేలు మాత్రం దాని గుప్పిట్లో ఇరికించి నిలబడ్డాడు. ఆమె నన్ను చూసి ముందు మొహం తిప్పుకుంది, రాలేదని అలక. నేను కిటికీ వైపు చూపించి, చేతులతో నీళ్లు, నీళ్లు, ఇంత నీళ్లు అన్నాను. నవ్వితే కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకుని నవ్వింది. దగ్గరికి రమ్మంది. వంగాను.

నా భుజం మీద రెండుసార్లు తట్టింది.

ఆ తర్వాత నోటి దగ్గర వేళ్లు పెట్టి, అన్నం తిన్నావా అని అడిగింది. లేదన్నాను. భర్తని కేకేయడానికి మంచం పట్టీ మీద కొట్టింది, ఆ అదురుకి ఆయన తిరిగి చూశాడు. చెల్లికీ నాకూ రెండు పొట్లాలు తెచ్చాడు. తిని, మెట్ల మీదే కూర్చుని పుస్తకంలో కొత్త పేజీ మొదలుపెట్టాం. రాత్రికి చెల్లి ఇంటికెళ్తుంది, నేను ఉంటాను. పంటు రేపు కూడా లేదట.