మధ్యలో గుంట ఉందమ్మా

"నా తెలుగు రిపేరు చేసే టైములో బండి రిపేరు చేసుంటే బావుండేది కదమ్మా" అంది మా అమ్మాయి. అనేసి, చేతికంటిన గ్రీజు పాత గుడ్డకి తుడుచుకుని, ఇంగ్లీషులోకి వెళ్ళిపోయింది. నేను తెలుగులో అడగడం, తను ఇంగ్లీషులో జవాబివ్వడం. కోపమొస్తే తలుపు వేసుకునే రకం కాదు, భాష మార్చేస్తుంది.

తప్పు నాదే. ఎక్కడ మొదలైందో చెప్తాను.

ఆ స్కూటరు కొందామని పట్టుబట్టింది నేను. ఎన్ని చేతులు మారిందో తెలియని పాత బండి. "పద్దెనిమిది నిండాయి, దానికి నేర్పిస్తా" అని మా ఆయనతో అన్నాను గానీ, చదువుకునే రోజుల్లో నేను నడిపిన బండి పోలికలు కనిపించి మనసు పారేసుకున్నానన్నది అసలు సంగతి. ఆయనకీ తెలుసు. ఏమీ అనలేదు, అంతకంటే ఘోరం.

బండిలో మూడు తేడాలుండేవి. వేగంగా పోతూ యాక్సిలరేటర్ తగ్గిస్తే నలభై దగ్గర హ్యాండిల్ వణికేది. చేతులు వదులు చేస్తే ఎడమకి లాగేది. మరీ నెమ్మదిగా పోతే నేరుగా పోలేక మెలికలు తిరిగేది. నెలరోజులు నడిపాను, నాకేమీ అనిపించలేదు. కొంచెం కుడికి తోసి పట్టుకుంటే సరిపోయేది. మా అమ్మాయి ఒక్క రౌండు వేసి, ఆపి, హెల్మెట్ తీసేసింది.

"నేను నడపను. ఇది కరెక్ట్ కాదు."

"పాత బండి కదే, అలవాటైపోతుంది" అన్నాను.

"నీకు అలవాటైంది. బండి బాగవలేదు కదా."

దానికి జవాబు లేక, చేతకాని పెద్దవాళ్ళందరూ చెప్పేదే చెప్పాను. మేమంతా ఇలాంటి డొక్కు బండ్ల మీదే నేర్చుకున్నాం, మీకే అన్నీ అమర్చి పెట్టాలి అని. నిజానికి నేను నేర్చుకున్నది మా అన్నయ్య కొత్త బండి మీద. దాన్ని గోడకి గుద్దింది కూడా నేనే.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఒక పని చేశాను. హ్యాండిల్ కింద, ఫ్రేములోంచి పైకొచ్చే గొట్టం మీద ఒక నట్టు ఉంటుంది. వణుకంటే అది వదులైందన్నమాట, బిగిస్తే పోతుందని నా లెక్క. బిగించాను. ఎంత బిగించానంటే, ఎంతో నాకే తెలియదు, చేతికి గట్టిగా తగిలేదాకా. పొద్దున్న నడిపితే వణుకు కొంచెం తగ్గింది, మెలికలు రెట్టింపయ్యాయి. రెండు చక్రాల బండి నిలబడేదే హ్యాండిల్ ఎప్పటికప్పుడు తనంతట తాను అటూ ఇటూ కాస్త కదిలి సర్దుకుంటూ ఉండటం వల్ల. అక్కడ బేరింగులు బిగుసుకుపోతే ఆ కదలిక ఆగిపోతుంది, ప్రతి చిన్న సర్దుబాటూ మనమే చేయాల్సొస్తుంది. ఇంత వివరంగా ఇప్పుడు చెప్తున్నాను గానీ, అప్పుడు నోరు మూసుకుని లోపలికొచ్చేశాను. బిగించిన సంగతి దానికి చెప్పలేదు కూడా.

తన పద్ధతి వేరు. ముందు గాలి కొలిచే గేజీ తెచ్చింది. టైరుని బొటనవేలితో నొక్కి "గాలి ఉందిలే" అనే బాపతు నేను. ముందు చక్రంలో హ్యాండ్‌బుక్ ప్రకారం గాలి 22 పీఎస్‌ఐ ఉండాలి, 13 ఉంది. తర్వాత టైరు పక్కనున్న నాలుగంకెలు చదివింది: 1911. అంటే 2011లో పంతొమ్మిదో వారం తయారైంది. "నాకంటే మూడేళ్ళే చిన్నదమ్మా ఇది" అంది. పైన గాడులు బానే ఉన్నాయని మురిసిపోయాను గానీ రబ్బరు గట్టిపడిపోయింది, పక్కల సన్నటి పగుళ్ళు. పాత ఓనరు వెనక పెద్ద డబ్బా బిగించాడు, దాన్నిండా నా సామాన్లు. అది కూడా ఊడదీసింది. బరువంతా వెనక చక్రం వెనకాల వేలాడితే ముందు చక్రం తేలికైపోయి వణుకు పెరుగుతుందట. గాలి కొట్టి, డబ్బా తీసేసరికి వణుకు సగం పోయింది, నట్టు జోలికి పోకుండానే. మీ బండి వణికితే ముందు ఈ రెండూ చూడండి. స్పానరు తర్వాత.

మిగతా సగం కోసం బండిని సెంటర్ స్టాండ్ వేసి, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టింది, ముందు చక్రం గాల్లోకి లేవాలని. తూకపు రాయిగా కుదిరాను. రెండు వేళ్ళతో హ్యాండిల్ పట్టుకుని మెల్లగా ఆ చివర్నించి ఈ చివరికి తిప్పింది. మధ్యకి రాగానే ఆగింది. మళ్ళీ తిప్పింది.

"మధ్యలో గుంట ఉందమ్మా."

"గుంట ఏంటే? గుంట నేలలో ఉంటుంది. హ్యాండిల్ పట్టేస్తోంది అనాలి."

"పట్టేయడం కాదు. గుంటలో పడుతోంది. మళ్ళీ ఎక్కుతోంది."

"తెలుగులో అలా అనరమ్మా..."

అప్పుడొచ్చింది మొదట్లో చెప్పిన ఆ మాట.

రెండు రోజులు ఇద్దరం బండి ముట్టుకోలేదు. మూడో రోజు నేనే వెళ్ళి, రాత్రి నట్టు బిగించింది నేనని ఒప్పుకున్నాను. "తెలుసు, నట్టు మీద కొత్త గీతలున్నాయి" అంది, ఇంగ్లీషులోనే.

కలిసే విప్పాం. ఒకటైతే నేను చేసి చూపించాను. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపితే టక్ టక్ మంటే హెడ్ బేరింగ్, అంటే హ్యాండిల్ గొట్టం తిరిగే చోటి బేరింగ్, వదులని చాలామంది తేల్చేస్తారు. ముందు సస్పెన్షన్ బుష్, అంటే కదిలే చోట లోపల ఉండే తొడుగు, అరిగినా అదే చప్పుడు. ఏదో తెలియాలంటే హ్యాండిల్ గొట్టం ఫ్రేములోకి దిగే సందు మీద వేలు ఆనించి ఊపాలి. కదలిక అక్కడుంటే చర్మానికి తెలుస్తుంది, చెవిని నమ్మక్కర్లేదు. నట్టు కాస్త వదులు చేసి తన వేలు అక్కడ పెట్టించాను. "ఓ" అంది. ఆ ఒక్క "ఓ" కోసం నేనెంత ఆశపడ్డానో తనకి తెలియకపోవడమే మంచిది.

కోన్‌సెట్, అంటే ఆ బేరింగు కప్పులూ కోన్లూ బాల్సూ, ఊడదీస్తుంటే బాల్స్ జారి నేలంతా దొర్లాయి. బండి పక్కకి ఒరిగేసరికి నేను "స్టాప్, స్టాప్, హోల్డ్ ఇట్" అని అరిచాను. ఇంట్లో తెలుగే మాట్లాడాలని ఫ్రిజ్ మీద కాగితం అంటించింది నేనే. పిల్ల ఏమీ అనలేదు, ఆ కాగితం ఉన్న వైపు ఒకసారి చూసిందంతే. ఇంకో సంగతీ ఎత్తి చూపింది తర్వాత: "హ్యాండిల్, ఫోర్కు, నట్టు, బేరింగ్, బుష్... నీ వాక్యంలో ఉంది, లేదు, ఏంటే తప్ప తెలుగేదమ్మా?"

కింది కప్పుని కిరోసిన్‌తో కడిగి లైటు కిందకి తెచ్చాం. అద్దంలాంటి నున్నటి దారి. అందులో ఒక్కో బాల్ ఆగిన చోట ఒక్కో చిన్న గుంట, వరసగా, చుట్టూ, గోటితో గీస్తే తగిలేంత లోతు. బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది, గతుకుల దెబ్బలన్నీ అప్పుడే తగులుతాయి. బాల్స్ ఎప్పుడూ అక్కడే కూర్చుని అక్కడే కొట్టుకుంటాయి. అందుకే గుంటలు పడేది హ్యాండిల్ నేరుగా ఉండే చోటే. నట్టు బిగించి దీన్ని సరిచేయలేం. మధ్యలో సరిపోయేలా బిగిస్తే పక్కలకి తిప్పినప్పుడు పట్టేస్తుంది, పక్కలకి సరిపెడితే మధ్యలో వదులు. మార్చాల్సిందే, కప్పులూ కోన్లూ బాల్స్ అన్నీ.

గుంట. తను వేళ్ళతో చదివి, సరిగ్గా ఉన్న మాటే చెప్పింది. ఆ మాట కూడా నేనిచ్చిందే. నాలుగేళ్ళప్పుడు పెరట్లో మొక్క కోసం తవ్విన దాంట్లో కాలు పడితే "గుంట, గుంట, చూసి నడువు" అన్నాను. పద్నాలుగేళ్ళు దాచుకుని, అవసరమైన చోట తీసి వాడింది. నేనేమో అలా అనరన్నాను. ఎవరనరు? ఇంతకీ నేను చెప్పిన "పట్టేస్తోంది" అన్నదే తప్పు రోగం. నేను బిగించింది వదులు చేశాక కూడా మధ్యలో ఆ ఆగడం అలాగే ఉంది.

ఎడమకి లాగడం సంగతి దారంతో తేలింది. రెండు చక్రాల పక్కనా దారం బిగించి పట్టి చూస్తే ముందుదీ వెనకదీ ఒక వరసలో లేవు. చాలా స్కూటర్లలో ఇంజన్, వెనక చక్రం కలిసే పైకీ కిందకీ ఊగుతాయి, ఆ ముక్కంతా ఫ్రేముకి పట్టి ఉండేది రబ్బరు బుష్‌ల మీద. మా దాంట్లో అవి పిండైపోయి వెనక చక్రం ఒరిగింది. ముందు హ్యాండిల్లో దోషం వెతుకుతుంటే వెనకనుంచి నడిపించేది ఇంకోటి. కొత్తవి వేశాం, టైరూ మార్చాం. బేరింగ్ నట్టు ఈసారి తనే బిగించింది: ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ముందుకీ వెనక్కీ లాగితే కదలకూడదు, హ్యాండిల్‌ని చిటికెన వేలితో తాకితే తన బరువుకి తానే పక్కకి వాలిపోవాలి. రెండూ కుదిరేదాకా నాలుగుసార్లు విప్పి బిగించింది. నేనైతే రెండోసారికే చాల్లే అనేదాన్ని.

మధ్యలో నా పాండిత్యం ఒకటి. చక్రం తిరుగుతుంటే దానికి నిలబడే గుణం వస్తుంది, బొంగరంలాగా, అందుకే బండి పడదు అని చెప్పాను. చిన్నప్పట్నించీ నమ్మిన మాట. ఫోనులో వెతికి చూపించింది. చక్రాల ఆ బొంగరపు గుణాన్ని ఎదురు తిరిగే చక్రాలతో రద్దు చేసి, ముందు చక్రం నేలని తాకే చోటు హ్యాండిల్ ఇరుసు గీతకి వెనక ఉండాలన్న నియమం కూడా తీసేసి ఒక సైకిల్ చేశారట. తోసి వదిలితే అది కూడా పడకుండా పోయింది. 2011లో 'సైన్స్' అనే పత్రికలో వచ్చింది. నా టైరు పుట్టిన ఏడే. బొంగరం సాయం చేస్తుంది గానీ అదొక్కటే కారణం కాదన్నమాట. "అయితే ఎందుకు పడదు?" అన్నాను. "ఒక్క కారణం లేదు" అంది, తెలుగులో. సంతోషంలో మిగతాది సరిగా వినలేదు.

నాలాంటి తల్లులకి ఒక సలహా ఇద్దామనే ఇది మొదలుపెట్టాను: పిల్లలు సొంతంగా ఒక తెలుగు మాట వాడితే దిద్దకండి, ముందు అందులో ఏముందో వినండి అని. రాసి రెండు గంటలు కాలేదు, "నేను కాఫీ తాగాను నిన్ను ముందు" అంటే "నీకంటే ముందు" అని దిద్దేశాను. దిద్దకపోతే ఎలా? దిద్దకుండా వదిలేసిన ఇళ్ళలో ఆ పిల్లలు ఇప్పుడు అమ్మా అనడం తప్ప ఇంకేమీ అనరు. దిద్దిన ఇంట్లో మా పిల్ల కోపమొస్తే భాష మార్చేస్తుంది. ఏది వదులో ఏది బిగుతో వేలు ఆనించి చూసే సందు ఇక్కడ నాకింకా దొరకలేదు.

నిన్న తను మొదటి రౌండు వేసి వచ్చింది. హెల్మెట్ తీయకుండానే "గుంట పోయింది" అంది. పూడింది అనాలి, నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అసలు కప్పే మార్చాం కదా, పూడటం ఏంటి, పోవడమే కరెక్టేమో.

తర్వాత నేనెక్కాను. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, "ఇప్పుడు కుడికి లాగుతోందే, బుష్ మళ్ళీ చూడు" అన్నాను.

దారం తీసి రెండువైపులా పట్టి చూసింది. వరసలోనే ఉన్నాయి. తనే మళ్ళీ ఎక్కి, చేతులు వదులు చేసి నా ముందునుంచే నడిపింది. గీత గీసినట్టు నేరుగా పోయింది.

"నువ్వు ఇంకా కుడికి తోస్తున్నావమ్మా. వదిలేయ్."

వదిలేశాననుకుని ఇంకో రౌండు వేశాను. మళ్ళీ కుడికే పోయింది.