ఇంట్లో సంగతులు స్కూల్లో చెప్పొచ్చా?

ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూల్ నుంచి "రిలేషన్‌షిప్స్ పాలసీ మారుస్తున్నాం, మీ అభిప్రాయం చెప్పండి" అని మెయిల్ రాగానే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: పిల్లని ఆ క్లాసు తప్పించొచ్చా? తప్పించొచ్చు. కాకపోతే అలా తప్పించగలిగేది చాలా చిన్న ముక్క. అసలు జాగ్రత్త పడాల్సింది మిగతా పాఠాల దగ్గర.

2020 సెప్టెంబర్ నుంచి ఇంగ్లండ్ ప్రైమరీ స్కూళ్లన్నిటిలో రిలేషన్‌షిప్స్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లలో హెల్త్ ఎడ్యుకేషన్ కూడా అంతే. చాలాచోట్ల ఈ రెండూ పీఎస్‌హెచ్‌ఈ (వ్యక్తిగత, సామాజిక, ఆరోగ్య, ఆర్థిక విషయాలు నేర్పే క్లాసు) పీరియడ్‌లోనే చెప్తారు. స్నేహాలు, ఒంటి భద్రత, ఆన్‌లైన్ జాగ్రత్తలు, నిద్ర, పళ్లు, ఎదిగే వయసులో మార్పులు, నెలసరి అన్నీ ఇందులోవే, వీటి నుంచి తప్పించే హక్కు లేదు. బిడ్డ కడుపులో ఎలా పడుతుందన్న పాఠం, అంటే సెక్స్ ఎడ్యుకేషన్, మాత్రం ప్రైమరీలో తప్పనిసరి కాదు. చెప్తే మామూలుగా ఇయర్ 5, 6లో (9–11 ఏళ్ల పిల్లలకి) చెప్తారు. దాన్నుంచి తప్పించమని అడిగితే హెడ్‌టీచర్ ఒప్పుకోవాల్సిందే, సైన్స్ సిలబస్‌లో ఉన్నది తప్ప. వేల్స్‌లో కొత్త కరికులం కింద ఆ హక్కు కూడా లేదు.

అడిగే ముందు ఒక పని చేయండి. పాలసీ స్కూల్ వెబ్‌సైట్‌లో ఉండాలి, అది చదవండి. తర్వాత ఏ వారం ఏ పాఠం, ఏ వీడియో, ఏ మాటలు వాడతారో చూపించమనండి. 2025 జూలైలో వచ్చిన, 2026 సెప్టెంబర్ నుంచి అమలయ్యే కొత్త మార్గదర్శకాలు తల్లిదండ్రులకు పాఠ్యసామగ్రి చూపించాలని గట్టిగానే చెప్తున్నాయి. అన్నీ చూశాక కూడా వద్దనుకుంటే హెడ్‌టీచర్‌కి ఉత్తరం రాయండి. కానీ ఆ గంట లైబ్రరీలో కూర్చున్న పిల్ల లంచ్ టైమ్‌లో అదే పాఠం స్నేహితుల నోట సగం సగం వింటుంది. కాబట్టి తప్పిస్తే అదే వారం ఇంట్లో మీరే చెప్పాలి. ఆ ఓపిక లేనివాళ్లు తప్పించకపోవడమే మేలు.

ఇక మిగతా పాఠాల సంగతి. చిన్న తరగతుల్లో ఎక్కువగా వాడేది పిల్లల రక్షణ సంస్థ ఎన్‌ఎస్‌పీసీసీ తయారుచేసిన ప్యాంట్స్ సూత్రం. పాంటోసారస్ అనే డైనోసార్ పాట పాడుతూ ఐదు మాటలు చెప్తుంది: డ్రాయర్ కప్పే చోట్లు నీ సొంతం. నీ ఒళ్లు నీది. వద్దంటే వద్దే. మనసుకి బాధ కలిగించే రహస్యం దాచకు. ఎవరికైనా చెప్పు, సాయం దొరుకుతుంది. ఐదూ పిల్ల పాటలా అప్పజెప్పేస్తుంది. ఆ సాయంత్రమే ఇంట్లో ఐదిటికీ ఎదురు పాఠం జరుగుతుంది.

వీడియో కాల్‌లోనో, ఇంటికొచ్చినప్పుడో "మామయ్యకి ముద్దు పెట్టు" అంటాం. పిల్ల వెనక్కి తగ్గితే "అయ్యో, మామయ్య ఫీలవుతాడే" అంటాం. వద్దంటే వద్దే అన్న సూత్రం అక్కడితో చెల్లకుండా పోయింది. దానికి బదులు "నమస్తే పెడతావా, హై-ఫైవ్ ఇస్తావా, చెయ్యి ఊపుతావా?" అని అడగండి. మర్యాదా ఉంటుంది, ఎంపిక పిల్లదే అవుతుంది. పెద్దవాళ్లకి చెప్పడం ఎవరి అమ్మానాన్నలకి వాళ్లే చెప్పుకోవాలి. కోడలు చెప్తే అది గొడవ. కొడుకు "అమ్మా, దాన్ని వదిలెయ్, అదే వస్తుందిలే" అంటే అక్కడితో సరి. స్నానం చేసి బట్టల్లేకుండా పరుగెత్తే పిల్లని "షేమ్ షేమ్" అనడం కూడా మానేయాలి. ఆ చోటే సిగ్గుపడాల్సిందని నేర్చుకున్న పిల్ల, ఎవరైనా ముట్టుకుంటే తప్పు తనదే అనుకుని నోరు మూసుకుంటుంది. ఆ భాగాలకు ఇంట్లో వాడే ముద్దుపేర్లు టీచర్‌కి అర్థం కావు, పిల్ల చెప్పబోయింది అక్కడే ఆగిపోతుంది. స్కూల్లో నేర్పే మాటలే ఇంట్లోనూ మొహమాటం లేకుండా వాడండి.

రహస్యానికీ సర్‌ప్రైజ్‌కీ తేడా చెప్పడానికి ఒక్క ప్రశ్న చాలు: ఇది ఎప్పుడు బయటపడుతుంది? నాన్న పుట్టినరోజు కానుకైతే ఆ రోజు తెలిసిపోతుంది. ఎప్పటికీ చెప్పకూడదంటే అది వెంటనే చెప్పాల్సిన సంగతి. అమ్మమ్మ చాక్లెట్ ఇచ్చి "అమ్మకి చెప్పకే" అనడం ముద్దుగానే ఉంటుంది, కానీ చెడ్డవాడు మొదట పరీక్షించేదీ అలాంటి చిన్న రహస్యంతోనే.

అన్నిటికన్నా ఎక్కువ చెడు చేసేది "ఇంట్లో సంగతులు స్కూల్లో చెప్పకు" అన్న మాట. దాని వెనక భయం తెలిసిందే: పిల్ల "అమ్మ కొట్టింది" అంటే సోషల్ సర్వీసెస్ (పిల్లల రక్షణ చూసే కౌన్సిల్ విభాగం) వాళ్లు వచ్చేస్తారని. టీచర్ "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకూడదు, స్కూల్లో పిల్లల రక్షణ బాధ్యత చూసే సేఫ్‌గార్డింగ్ లీడ్‌కి చెప్పాల్సిందే. కానీ చెప్పిన ప్రతిదీ కౌన్సిల్ దాకా పోదు. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడటంతో ఆగిపోయేవి చాలా. పిల్లకి హాని జరుగుతోందని అనుమానం ఉంటేనే ముందుకెళ్తుంది. స్కాట్లండ్‌లో 2020 నవంబర్ నుంచి, వేల్స్‌లో 2022 మార్చి నుంచి పిల్లల్ని కొట్టడం పూర్తిగా నేరం. ఇంగ్లండ్‌లో "సహేతుకమైన శిక్ష" అన్న మినహాయింపు ఉంది గానీ, ఒంటిమీద వాతలు తేలితే దాన్ని నమ్ముకోలేరు. ఆ భయం పోవాలంటే కొట్టడం మానాలి, పిల్ల నోరు కట్టేస్తే పోదు.

ఏడేళ్ల పిల్లకి నాన్న ఉద్యోగం పోయిన సంగతీ, ట్యూషన్ అన్నయ్య చెయ్యి వేసిన సంగతీ వేర్వేరని తెలియదు. చెప్పకు అంటే రెండూ చెప్పదు. ఇలా చెప్పి చూడండి: "డబ్బుల సంగతి, ఇంట్లో వాళ్ల జబ్బుల సంగతి బయట చెప్పేముందు మమ్మల్ని అడుగు. నీ ఒంటి సంగతి, నీకు భయమేసిన సంగతి ఎవరినీ అడగక్కర్లేదు, చెప్పేయ్."

పిల్ల నిజంగా ఏదైనా చెప్తే "అక్కడికెందుకెళ్లావు?" అనకండి. "చెప్పి మంచి పని చేశావు" అనండి. తన మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి. పదే పదే అడిగితే జవాబులు మారతాయి, తర్వాత విచారణలో అదే అడ్డం. ఎవరి పేరు చెప్పిందో వాళ్లకి ఫోన్ చేసి నిలదీయకండి, స్కూల్‌కో పోలీసులకో చెప్పండి.

నెలసరి పాఠం ఇయర్ 4, 5కల్లా రావాలి. ఆడపిల్లల్లో మార్పులు 8–13 ఏళ్ల మధ్య మొదలవుతాయి, మగపిల్లల్లో 9–14. కాబట్టి ఇయర్ 5 పిల్ల బ్యాగులో చిన్న పౌచ్ పెట్టండి: రెండు ప్యాడ్లు, ఒక డ్రాయర్, ఒక జిప్ కవరు. ప్రభుత్వ స్కూళ్లకి 2020 జనవరి నుంచి ప్యాడ్లు ఉచితంగా తెప్పించుకునే పథకం ఉంది. ఎవరిని అడగాలో పిల్లకి ముందే తెలియాలి. పూజగదిలోకి రావొచ్చా లేదా అన్నది ఆ రోజు కాదు, ముందే అమ్మానాన్నలు తేల్చుకోవాలి. ఓణీల ఫంక్షన్‌కి కార్డులు కొట్టించే ముందు పిల్లని అడగండి. ఇది తన సొంత విషయమని క్లాసులో నేర్చుకున్న పిల్లకి ఆ ఫ్లెక్సీ బ్యానర్ అవమానంగా తోచొచ్చు.

స్కూల్లో అరచెయ్యి గీయించి ఒక్కో వేలికి ఒక్కో నమ్మకస్తుడి పేరు రాయిస్తారు. అందరూ అమ్మానాన్నలు, తాతలే అయితే ఉపయోగం లేదు. ఒకరు స్కూల్లో, ఒకరు ఇంటి బయట ఉండాలి. పక్కన పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ నంబర్ 0800 1111 రాయండి. వేసవి సెలవులకి హైదరాబాదో విజయవాడో వెళ్లేముందు ఆ చెయ్యి మళ్లీ గీయించండి. అక్కడ మీరు పెళ్లి పనుల్లో ఉంటారు, పిల్ల ముక్కూమొహం తెలియని చుట్టాల మధ్య పడుకుంటుంది. ఒక వేలికి అక్కడివాళ్ల పేరు ఉండాలి, నంబర్ కూడా మారుతుంది: ఇండియాలో 1098.