రాకెట్ 88 గిటార్ సాధన: ఆరో వారం

‘రాకెట్ 88’ పాట వాయించడానికి పెట్టుకున్న మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 90 దెబ్బల నుంచి 120కి వచ్చింది. పన్నెండు బార్ల (తాళం ఆవర్తాల) బ్లూస్‌లో తొమ్మిదో బార్ దగ్గర ఇంకా తడబడుతున్నాను. ఈ వారం టైమంతా స్పీకర్‌కే పోయింది.

ఈ పాటలో నన్ను కట్టిపడేసింది గిటార్ గరగర. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి మెంఫిస్‌కి రికార్డింగ్‌కి వెళ్తుంటే, దారిలో గిటారిస్టు విల్లీ కిజార్ట్ యాంప్ (గిటార్ మోతని పెంచే యాంప్లిఫయర్) దెబ్బతింది. కారు మీంచి పడిందని కొందరు, వానకి తడిసిందని కొందరు చెబుతారు. స్టూడియో నడిపే శామ్ ఫిలిప్స్ దాని స్పీకర్‌లో కాగితం కుక్కి, ఆ గరగరతోనే రికార్డు చేసేశాడు. పాడింది శాక్సఫోన్ వాయించే జాకీ బ్రెన్‌స్టన్. చెస్ కంపెనీ ఆయన పేరు మీదే విడుదల చేసింది. జూన్‌కల్లా బిల్‌బోర్డ్ పత్రిక ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో మొదటి స్థానం. అప్పట్లో కంట్రీ పాడే బిల్ హేలీ అదే ఏడాది దీన్ని తన బృందంతో మళ్లీ రికార్డు చేశాడు. తొలి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదేనా అన్న వాదన తెగేది కాదు. 1947 నాటి జిమ్మీ లిగ్గిన్స్ ‘క్యాడిలాక్ బూగీ’ లేకపోతే ఇదీ లేదు. నా మటుకు నాకు, పాడైన మోతని దాచకుండా వినిపించడమే పెద్ద మలుపు.

ఆ గరగర నేనూ రాబట్టాలని, నా ప్రయోగానికి మూలన పడున్న ఆరంగుళాల, 8 ఓమ్‌ల (విద్యుత్ నిరోధం కొలత) స్పీకర్ తీశాను. నా యాంప్‌కి కావాల్సిందీ 8 ఓమ్‌లే. ఇది చూసుకోకుండా తగిలించకండి, మంచి స్పీకర్ జోలికి అసలు పోకండి. కోన్ (స్పీకర్‌లో అదిరే గరాటు) అంచున బ్లేడుతో అంగుళం గాటు పెట్టాను. సగం పేజీ న్యూస్‌పేపర్ గట్టిగా కుక్కితే దుప్పటి కప్పినట్టు మూగబోయింది. పావు పేజీ వదులుగా నలిపి, గాటుకి తాకీ తాకనట్టు పెడితే అప్పుడు పలికింది, గొంతు బొంగురుపోయిన మనిషిలా.

కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) మీటితే మాత్రం అంతా ముద్దయిపోతోంది. కిజార్ట్ మంద్ర తీగల మీద ఒక్కో స్వరమే బూగీ (దొర్లుతూ సాగే బ్లూస్ లయ) నడకలో ఎందుకు వాయించాడో చేతికి అర్థమైంది. నేను తేలిక చేసుకున్న వరస: స గ ప ద ని ద ప గ. గ అంతరం, ద చతుశ్రుతి, ని కైశికి. అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) మీద ఆనించి స్వరాన్ని పొట్టిగా తెంపితే శాక్సఫోన్ ఊదినట్టుంటుంది. సాగనిస్తే ఒకదాని గరగర ఇంకోదానికి అంటుకుంటుంది.

నిన్న రాత్రి మూడో రౌండులో కాగితం జారిపోయింది. దారంతో కట్టాను. రేపు మళ్లీ తొమ్మిదో బార్, 100 దగ్గర.