సాన్ లజార్ నుంచి కలువల కొలను దాకా

పారిస్‌లోని సాన్ లజార్ స్టేషన్‌కు ముందే చేరుకున్నాం. మా రైలు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో బోర్డులో ఎంతకీ పడదు. మా ఆవిడకు ఒకటే టెన్షన్. నేను తల పైకెత్తి గాజు కప్పు చూస్తున్నాను. 1877లో ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే ఈ కప్పు కిందే వరసగా బొమ్మలు వేశాడు. మేం వెళ్తున్నది ఆయన ఇల్లు చూడ్డానికే. వాటిలో ఇంజిన్ల కన్నా పొగే ఎక్కువ.

ముందురోజు మార్మొతాన్ మ్యూజియంలో ఆయన 'ఇంప్రెషన్, సూర్యోదయం' చూశాం. 1872 నాటి ల హావ్ర్ రేవు. అంత పేరున్న బొమ్మ గోడంత ఉంటుందనుకున్నా. తీరా చూస్తే వెడల్పు రెండడుగులే! 1874లో మోనే, రెన్వార్, దెగా, బెర్త్ మొరిసో వగైరాలు, ఫొటోగ్రాఫర్ నదార్ పాత స్టూడియోలో సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నప్పుడు లూయి లెరువా అనే విమర్శకుడు ఈ బొమ్మ పేరు పట్టుకునే 'ఇంప్రెషనిస్టులు', అంటే మనసులో పడిన ముద్రను గీసి వదిలేసేవాళ్లు, అని వెటకారం చేశాడు. ఆ ఎగతాళే వాళ్లకు ఇంటిపేరైపోయింది.

గంటలోపే వెర్నాన్‌లో దిగాం. అక్కడి నుంచి జివెర్నీకి బస్సు. రైలూ, రంగుల ట్యూబూ లేకపోతే ఈ బొమ్మల్లో సగం ఉండేవి కావేమో. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయపు సంచుల్లో దాచేవాళ్లు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాడు. ఇక పెట్టె సర్దుకుని పొద్దున్నే రైలెక్కి, ఏటి ఒడ్డున కూర్చుని గీసుకోవచ్చు.

జివెర్నీలోది 1883 నుంచి 1926లో పోయేదాకా మోనే ఉన్న ఇల్లు. పసుప్పచ్చ భోజనాల గదిలో గోడల నిండా జపాన్ అచ్చుబొమ్మలే. హొకుసాయ్, హిరొషిగె, ఉతమారో వేసినవి. నాకు తోటకన్నా ఈ గోడలే నచ్చాయి. మోనే జపాన్ బొమ్మల నుంచి నేర్చుకుంటే, మోనే దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారు. మాస్కోలో మోనే గడ్డివాము బొమ్మ చూసిన రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీకి కేటలాగు చదివితేగానీ అది గడ్డివామని తెలియలేదట. తర్వాత ఆయనే వస్తువు ఆనవాలే లేని బొమ్మల వైపు నడిచాడు.

తోటలో, మోనే బొమ్మల్లో కనిపించే కొలను దగ్గరికి వచ్చేసరికి జల్లు మొదలైంది. "మోనే తామరలు" అన్నాను గొప్పగా.

"తామరలు కావండీ, కలువలు. ఆకులు చూడండి, నీళ్లమీదే పరుచుకుని ఉన్నాయి" అంది మా ఆవిడ.

మబ్బు కాస్త విడింది. బూడిదరంగు నీళ్లు ఒక్కసారి వంకాయరంగుకు తిరిగాయి. ఫోన్ తీసేలోపు మళ్లీ బూడిదే. ఇంకోసారి వస్తుందేమోనని గొడుగు కింద కాచుకుని కూర్చున్నాం. రంగు రాలేదు, తిరుగు బస్సూ తప్పిపోయింది.